ముప్పయ్యొకటో వార్డు మూగనోము

నమోదు 118. సోమవారం.

మా ఇంట్లో నన్ను కోపిష్ఠిదాన్ని అనుకుంటారు. అమ్మ అనుకుంటుంది, అన్నయ్య అమ్మ దగ్గర నేర్చుకున్నాడు, వదిన కాపురానికొచ్చిన వారంలోనే ఒప్పేసుకుంది. పిలిస్తే నేను వెంటనే పలకనట. పలికినా ముఖం ముడుచుకునే పలుకుతానట. ఇవాళ పొద్దున అమ్మ నా కంచంలో ఉప్మా వేస్తూ, నేను ఎదురుగా ఉండగానే వదినతో చెప్పింది. "దీన్ని కాలేజీకి పంపి పొరపాటు చేశాం. చదువుకున్నాక ఇంట్లో మనుషులు కంటికి ఆనరు కాబోలు."

కోపం కాదు. రోజుకి నాలుగు వందల ఫోన్లు చేసి, అవతలి మాట ఎంత ఆలస్యంగా చేరిందో రాసుకునే మనిషి ఇంటి గుమ్మం దాటగానే ఆ పని మానలేదు. అమ్మ ఒక ప్రశ్న అడగడానికీ, అదే ప్రశ్న మళ్లీ అడగడానికీ మధ్య ఒకటిన్నర సెకను ఉంటుంది. ఆ లోపల నేను జవాబు చెప్పాలంటే ఆవిడ అడగడం పూర్తికాకముందే మొదలుపెట్టాలి. ఈ మాట ఒకసారి చెప్పాను. "అదుగో, కోపం" అంది.

ఈ పుస్తకం ఆఫీసుది. అంకెలు కాక కంటికి కనబడినవి కూడా రాయాలని నియమం. ఎవరూ చదవరు కాబట్టి ఇంటి సంగతులు కూడా ఇందులోనే రాస్తున్నాను.

కొలతల రోజు ముందుగా చెప్పే చాటింపు పడవ ఇవాళ ముప్పయ్యొకటో వార్డుకి వెళ్లింది. గురువారం పది గంటలకు ఫోను సిగ్నల్ కొలతలు. కోటు జేబులు నాలుగూ కుట్టించాలి. కొండ కంపెనీ ఫోన్లు రెండు, ఓడ కంపెనీ ఫోన్లు రెండు, ఏ జేబులోది ఆ జేబులోనే ఉండాలి. మారితే ఆ రోజు కొలతలు చెల్లవు.

నమోదు 119. గురువారం.

ముప్పయ్యొకటో వార్డు విశాఖ దిగువ వార్డుల్లో చివరిది. ఆరు వందల నలభై ఇళ్లు, అన్నీ నీళ్లలో పాతిన గుంజల మీద. ఇంటికీ ఇంటికీ మధ్య చెక్కబాట. కింద సముద్రం ముంచిన పాత అపార్టుమెంట్లు. ఆటులో వాటి పైకప్పులూ నీళ్లట్యాంకులూ పైకి తేలతాయి, పోటులో మునిగిపోతాయి. వేట పడవలు వాటి మధ్యనుంచి రావాలంటే ఫోనులోని దారిగీత చూసుకుంటూ రావాలి.

అరవై చోట్ల ఆగాను. ఆగిన ప్రతిచోటా రెండు నిమిషాలు. ఒక్కో ఫోనునుంచి ఆఫీసుకి చేసి ఒకే వాక్యం చదవాలి. "ముసలి భటుడొకడు ఛత్రం లేకుండా ఝడివానలో ఢంకా మోస్తూ ఫలహారశాలకు నడిచెను." గొంతుకి కష్టమైన అక్షరాలన్నీ అందులో ఉన్నాయి. అక్కడి యంత్రం విని ఐదుకి ఎన్ని మార్కులో వేస్తుంది. నాలుగో ఆగుడు దగ్గర పోలమ్మ ఎప్పటిలాగే గడపలో కూర్చొని వింది. వార్డు సంఘానికి ఆవిడే పెద్ద. అరవై దాటి ఉంటాయి. నన్ను మీటరమ్మ అంటుంది.

"మూడేళ్లబట్టి ఇంటన్నాను. ఆ ముసలోడికి ఇంకా గొడుగు ఎవులూ ఇవ్వనేదా?"

"లేదు పోలమ్మత్తా."

"పలారం దొరికిందా, అదీ నేదా?"

"నడుస్తూనే ఉన్నాడు."

"గవర్మెంటు ఉద్యోగమే అయ్యుంటాది."

కొండ కంపెనీ: తెగిన కాల్స్ నూటికి సున్నా పాయింట్ నాలుగు, ఆలస్యం ఇరవై రెండు మిల్లీసెకన్లు. ఓడ కంపెనీ: సున్నా పాయింట్ మూడు, పంతొమ్మిది. మాట స్పష్టత రెండింటికీ నాలుగున్నర. ఓడ కంపెనీ స్తంభాలు లంగరేసిన ఓడల మీద ఉంటాయి కాబట్టి అల లేచినప్పుడల్లా సిగ్నల్ కొంచెం ఊగాలి. ఇక్కడ అదీ తెలియలేదు. రెండింటికీ అన్నిటికన్నా పైదైన ‘ఏ’ గ్రేడు. వరసగా నాలుగోసారి. పక్కనే ఉన్న ముప్పై, ముప్పయ్‌రెండు వార్డులకి సి దాటి రాలేదు. అవే స్తంభాలు, అవే అలలు.

కంటికి కనబడినది: వార్డంతా నిశ్శబ్దం. నేను నడిచిన రెండున్నర గంటల్లో ఎవరి ఫోనూ మోగలేదు. కిందటిసారి పుస్తకంలో దీన్ని "మర్యాదస్తులు" అని రాశాను. వెళ్లేటప్పుడు పోలమ్మ నాకు నానబెట్టిన శనగలూ, బొట్టు పెట్టిన దోసకాయా ఇచ్చింది. ప్రతిసారీ ఇస్తుంది. మా ఇంట్లో ఆ దోసకాయ పప్పులోకి వెళ్తుంది.

నమోదు 120. శుక్రవారం.

ఛార్జి డబ్బా మూడో ఆగుడు దగ్గర మరిచిపోయాను. తెచ్చుకోవడానికి ఉదయం ఎనిమిదింటికే వెళ్లాను. పడవలు తిరిగొచ్చే వేళ. డెబ్భై పడవలు ఒక్కసారి పరిధిలోకి వస్తాయి. ప్రతి పడవలోవాడూ ఇంటికి చేస్తాడు, ప్రతి ఇంట్లోంచీ పడవకి చేస్తారు. వేలం కూడా ఫోనులోనే, చేపల్ని చూపిస్తూ.

అన్నయ్యకి చేశాను. కలవలేదు. మళ్లీ చేశాను. "హ..." అని వినిపించి పోయింది. చెక్కబాటల మీద ఆడవాళ్లందరూ ఒక చెవి మూసుకొని అరుస్తున్నారు. నిన్న మర్యాదస్తులు అనుకున్నది వీళ్లనే.

చేతులగది ముందు పదిమంది నిలబడి ఉన్నారు. ప్రతి దిగువ వార్డుకీ ఒక చేతులగది ఉంది. బల్ల, దీపం, పైకప్పునుంచి దిగిన రెండు ఇనుపచేతులు. కొండమీద ఆసుపత్రిలో డాక్టరమ్మ కూర్చుని తన చేతులు ఎలా కదిపితే ఇక్కడివి అలా కదులుతాయి. ఆలస్యం అరవై మిల్లీసెకన్లు దాటితే మనిషి ఒంటిమీద ప్రమాదం కాబట్టి అవి వాటంతట అవే ముడుచుకుంటాయి. రెండూ ఛాతీ దగ్గర కలిసి ముడుచుకుంటాయి. వార్డులో దాన్ని దణ్ణం పెట్టేసింది అంటారు.

నేను వెళ్లేసరికి అది దణ్ణం పెట్టి ఉంది. బల్లమీద ఒకతని అరచేయి వల తాడుకి చీరుకుపోయింది, సగం కుట్లు పడ్డాయి. మిగతా సగం నర్సు దాలమ్మ మామూలు సూదితో వేస్తోంది.

"ఎంతసేపయింది?" అని అడిగాను.

"మూడో కుట్టుకాడే దణ్ణమెట్టీసింది. ఈ నెల్లో ఇది ఐదోది" అంది దాలమ్మ, తలెత్తకుండా.

"నిన్న పంతొమ్మిదే ఉంది ఆలస్యం. నేనే కొలిచాను."

దాలమ్మ పోలమ్మ వైపు చూసింది. పోలమ్మ నా వైపు చూసి నవ్వింది. నాకు తెలిసిన విషయాన్ని తెలియనట్టు నటిస్తున్నానని అనుకుంది.

"నిన్న నోము కదేటి" అంది.

నమోదు 121. శుక్రవారం, సాయంత్రం.

దాన్ని వాళ్లు మూగనోము అంటారు. చాటింపు పడవ వచ్చిన దగ్గర్నుంచీ మొదలు. కొలతల రోజు పొద్దున పడవలన్నీ ఒడ్డుకి చేరాక పోలమ్మా, మరో నలుగురు ఆడవాళ్లూ ఇల్లిల్లూ తిరిగి ఫోన్లు ఆపించి చేపలబుట్టల్లో వేస్తారు. పైన తడి గోనె కప్పుతారు. బుట్టకి పసుపు రాస్తారు. నేను వార్డు దాటేవరకూ ఎవరూ ఫోను ముట్టుకోరు, గట్టిగా మాట్లాడరు కూడా. తర్వాత శనగలు, దోసకాయలు పంచుకుంటారు. నాకిచ్చింది కూడా ఆ వాయనమే.

రెండు వేల ఫోన్లు ఆగిపోతే దారి మొత్తం నా నాలుగు ఫోన్లదే. ఖాళీ రోడ్డు మీద నడిచి, ఈ ఊళ్లో రద్దీ లేదని నాలుగుసార్లు రాసిచ్చాను.

"ఎందుకు చేస్తున్నారు అత్తా ఇది?"

"ఇరవయ్యెనిమిదో వార్డు ఏమైపోయిందో తెలీదా నీకు? మీటరోడు వచ్చిన రోజున కూడా నోరు మూసుకోనేక కబుర్లాడుకున్నారు. డి ఇచ్చీసినాడు. మల్లీ వచ్చినాడు, మల్లీ డి. ఊరంతటినీ కొండెక్కించీసినారు. మా అప్ప అక్కడే ఉండీది. ఇప్పుడు తొమ్మిదో అంతస్తులో కూకుని సముద్రం బొమ్మ చూస్తాది."

అందులో సగం నిజం. వరసగా రెండు డి గ్రేడులు వస్తే, చేతులగది నడవని చోట మనుషుల్ని ఉంచకూడదని వార్డుని ఖాళీ చేయిస్తారు. మొదటి డి తర్వాత కంపెనీలకి తొంభై రోజుల గడువిస్తారు, కొత్త స్తంభం వేయమని. ఇరవయ్యెనిమిదిలో వేయలేదు.

ఇంకొక సంగతి దాలమ్మ చెప్పింది, మెట్లమీద చేతులు కడుక్కుంటూ. గున్నమ్మ అనే అమ్మాయికి ఇది తొలికాన్పు. బిడ్డ అడ్డంగా ఉంది. కోత పెట్టి తీయాలి. రోజులు ఇంకా పద్దెనిమిది. కొండ ఆసుపత్రిలో ముందే చేర్చుకోమని డాక్టరమ్మ స్వయంగా రాసింది. తిప్పి పంపారు. ‘ఏ’ గ్రేడు వార్డులో చేతులగది పనిచేస్తున్నట్టే లెక్క. పనిచేసే గది ఉన్నవాళ్లకి కొండమీద మంచం ఇవ్వరు.

"ఆ ‘ఏ’ గ్రేడు ఎవరిచ్చారని అడిగారా?" అన్నాను.

"అడగలేదు. కాగితం మీద నీ పేరే ఉంది" అంది దాలమ్మ.

నమోదు 122. శనివారం.

గవర్రాజు గారు మా విభాగానికి అధికారి. ఇరవై ఏళ్లు కోటు వేసుకొని నడిచిన మనిషి, మోకాళ్లు పోయి కుర్చీలోకి వచ్చారు. మొత్తం విన్నారు.

"రత్నమ్మా, చాటింపు లేకుండా కొలవడం ఎందుకు తీసేశారో తెలుసా నీకు?"

"తెలుసు సార్. కొలిచేవాళ్లు తమకి కావలసిన కంపెనీ బాగా పనిచేసే గంట చూసుకొని కొలిచేవారు."

"అదీ. చాటింపు వేశాకే న్యాయం వచ్చింది. ఇద్దరికీ ఒకే రోజు, ఒకే వేళ, అందరికీ తెలిసి. ఇప్పుడు నువ్వు వెళ్లి పడవల వేళకి కొలిస్తే, రేపు ఇంకొకడు అర్ధరాత్రి కొలుస్తాడు."

"ఇప్పుడు వస్తున్న అంకె అబద్ధం కదా సార్."

"అంకె అబద్ధం కాదు. ఆ రెండున్నర గంటలూ అక్కడ అంతే ఉంది. నువ్వు కొలిచావు, నేను నమ్ముతాను." ఒక కాగితం ముందుకి లాక్కున్నారు. "మళ్లీ కొలుస్తానంటే ఒకసారి అనుమతిస్తాను. చాటింపుతోనే. ఫోన్లు ఆపొద్దని ముందే చెప్పుకో."

కాగితం రాయించుకొని వచ్చాను. వచ్చే గురువారం.

నమోదు 123. ఆదివారం.

ఈ వారం ముప్పయ్యొకటో వార్డుకి రెండుసార్లు వెళ్లానని చాటింపు పడవవాడు అన్నయ్యకి చెప్పాడు. అన్నయ్య అమ్మకి చెప్పాడు. అమ్మ రెండు రోజులు ఆలోచించి ఇవాళ నా పక్కన కూర్చుంది.

"అబ్బాయిది వేట పడవా, వలల కొట్టా?"

"ఏ అబ్బాయి?"

"నేను కాదనను. నువ్విలా ముఖం మాడ్చుకొని తిరగడం కంటే అదే నయం. మనవాళ్లు కాకపోయినా పర్వాలేదు. కాకపోతే నీళ్ల మీద ఇల్లంటేనే నాకు భయం."

గున్నమ్మ సంగతి చెప్పాను. అమ్మ చివరిదాకా వింది. "పాపం" అంది. తర్వాత, "అయితే ఆ అమ్మాయి అన్నయ్యా?" అంది.

వదిన వంటింట్లోకి వెళ్లిపోయి నవ్వింది.

నమోదు 124. మంగళవారం.

వార్డు సంఘం మెట్ల దగ్గర కూర్చుంది. ముప్పైమంది దాకా ఆడవాళ్లు. నేను చెప్పగలిగినంత తేలిగ్గా చెప్పాను. మీటరు వచ్చిన రోజు రోజులాగే ఉండండి. ఫోన్లు మోగనివ్వండి. మీ కష్టం మీటరుకి తెలియాలి. డి వస్తే గున్నమ్మకి మర్నాటినుంచే కొండమీద మంచం ఇస్తారు.

"డి వస్తే గున్నమ్మకి మంచం ఇస్తారు, మాకందరికీ ఎక్కడిస్తారు మంచం?" అంది ఒకావిడ. అందరూ నవ్వారు.

"ఒక్క డి తోనే ఖాళీ చేయించరు. రెండు రావాలి."

"ఒకటొస్తే రెండోది దానెనకే నడిచొస్తాది. మేం సూసినాం" అంది పోలమ్మ. "కాన్పు రోజున మల్లీ నోము పడతాం. ఊరంతా నోరు మూసుకుంటాది. రెండు గంటలు కాదు, నాలుగు గంటలు. చాలదా?"

నేను నోరు తెరిచేలోపే దాలమ్మ అందుకుంది. "నొప్పులు నీ చాటింపు పడవ సూసుకొని వస్తాయేటి అత్తా? పడవలు నీళ్లమీదున్నప్పుడు మొదలైతే? అప్పుడు ఫోన్లు ఆపితే పడవలన్నీ అపార్టుమెంట్ల మీదెక్కీస్తాయి. ఎవులి పేనం కాయాలి నాను?"

పోలమ్మ పడవలొచ్చే వైపు చూసింది. ఆమె కొడుకు కూడా వేటకి వెళ్తాడు.

గున్నమ్మ చివరి మెట్టు మీద కూర్చుంది. పందొమ్మిదో ఇరవయ్యో ఉంటాయి. పొట్ట మీద పళ్లెం పెట్టుకొని రొయ్యలు ఒలుస్తోంది. అందరూ వెళ్లాక ఆమెను అడిగాను, నీకేం కావాలని.

"కొండెక్కితే మా ఆయన ఏం పని సేస్తాడు మీటరమ్మా? ఈదడం తప్ప ఏటీ రాదు."

"మరి బిడ్డ?"

"బిడ్డ కోసమే కదా ఉపాసం కూడా ఉంటన్నాను గురువారం. పోలమ్మత్త ఒద్దంటాది గానీ." రొయ్య తల తీసి నీళ్లలోకి విసిరింది. "నువ్వు బాగా కొలువు. నీ సెయ్యి మంచిది. ఎప్పుడూ ‘ఏ’ ఇస్తావు."

నమోదు 125. గురువారం.

కొండ కంపెనీ: తెగిన కాల్స్ సున్నా, ఆలస్యం పద్దెనిమిది. ఓడ కంపెనీ: సున్నా, పదహారు. నగరం మొత్తం మీద ఈ ఏడాది ఇంత మంచి వార్డు ఇంకొకటి లేదు. ఈసారి ముప్పై, ముప్పయ్‌రెండు వార్డుల్లోని చుట్టాల చేత కూడా ఫోన్లు ఆపించారట.

ఆఖరి ఆగుడు దగ్గర గోనె కింద ఒక ఫోను ఆపడం మరిచిపోయినట్టున్నారు. అది అదిరి అదిరి ఊరుకుంది. బుట్ట పక్కనున్న పిల్ల దాన్ని రెండు చేతులతో అదిమిపట్టి నాకేసి చూసింది. నేను ముందుకి నడిచాను.

దోసకాయలు రెండిచ్చారు.

నమోదు 126. గురువారం, మధ్యాహ్నం.

గవర్రాజు గారు అంకెలు చూసి కళ్లద్దాలు తీశారు. "ఇక నేనేం చేయలేను" అన్నారు. నిజంగానే బాధపడ్డారు. ఓడ కంపెనీవాళ్లు అభినందన పంపారు, వార్డుకి ఒక బోర్డు చేయిస్తారట.

నిబంధనల పుస్తకం మళ్లీ చదివాను. తొంభై నాలుగో పేజీలో ఒకటుంది. ప్రకటించిన కొలత పరిస్థితిని చూపడం లేదని కొలిచే మనిషి నమ్మితే, తన లైసెన్సు పణంగా పెట్టి ప్రకటించని కొలతను అసాధారణ కొలతగా నమోదు చేయవచ్చు. గ్రేడు ఆ రోజునుంచే అమలు. లైసెన్సు విచారణ తేలేదాకా నిలిపివేత. విచారణలు ఎంతకాలం పడతాయని పాత రికార్డులు చూశాను. పదకొండేళ్లలో ఈ పేజీని ఇద్దరు వాడారు. ఇద్దరూ ఇప్పుడు వేరే పనులు చేస్తున్నారు.

నమోదు 127. శుక్రవారం.

ఇవాళ నాకు సెలవు. ఏడున్నరకి కోటు వేసుకొని ముప్పయ్యొకటో వార్డులో దిగాను. అరవై ఆగుళ్లూ పూర్తిచేశాను.

కొండ కంపెనీ: తెగిన కాల్స్ నూటికి ఇరవై ఏడు, ఆలస్యం నూట నలభై. ఓడ కంపెనీ: ముప్పయ్యొకటి, అల దిగితే నూట పది, అల లేస్తే రెండు వందల ముప్పై. స్పష్టత ఒకటిన్నర. అవతలి యంత్రానికి ముసలి భటుడు తప్ప ఏమీ వినబడలేదు, వానా లేదు, ఢంకా లేదు. రెండు కంపెనీలను పోల్చి రాయాలి కాబట్టి రాస్తున్నాను: కొండ కంపెనీ కొంచెం నయం. చేతులగదికి రెండూ పనికిరావు.

ఇరవయ్యో ఆగుడు దగ్గర పోలమ్మ ఎదురొచ్చింది. కోటు చూసింది. చేతిలో ఫోను, చెవి దగ్గరే ఉంది. కొడుకు పడవ ఇంకా లోపలికి రాలేదు.

"ఇవాళ చాటింపు నేదు."

"లేదు అత్తా."

"నోము నేని రోజున కొలిస్తే ఎలాగే?"

"నోము లేని రోజే కొలవాలి."

"పిల్లా, నీకు ఏం లోటు చేసినాం? మూడేళ్లు వాయనం తిన్నావు." అరవలేదు. ఆ హడావుడిలో ఆవిడొక్కతే మామూలు గొంతుతో మాట్లాడింది. "గున్నమ్మ నాకు మేనకోడలి వరస. నీకు ఏటవుతాది?"

"ఏమీ కాదు."

"మరెందుకు?"

"ఇన్నాళ్లూ ఆమెకు మంచం రాకుండా చేసింది నా సంతకం. అందుకు."

"దానికి మంచం, ఆరొందల నలభై ఇళ్లకి కొండ. అదేనా నీ లెక్క?"

"రెండోసారి కొలిచేలోపు తొంభై రోజులున్నాయి. స్తంభం కోసం కంపెనీ గుమ్మంలో కూర్చోవచ్చు. బోర్డు పట్టుకొచ్చినవాళ్లనే అడగొచ్చు. ‘ఏ’ గ్రేడు మీద ఉన్నంతకాలం అడగడానికి మీకేమీ లేదు."

"అడిగి తెచ్చుకున్నోలు ఎవులున్నారు, చెప్పు."

 నాకు తెలిసి ఎవరూ లేరు. అదే మాట ఆవిడతో అన్నాను.

ఆమె చెవి దగ్గర ఫోను ఒక్కసారి పలికింది. "అమ్మా" అని మాత్రం వినిపించింది, నాకు కూడా. తర్వాత తెగింది. ఫోనులో దారిగీత ఆగిపోయి, ఎడమకి తిరగాలా కుడికి తిరగాలా అని అడగబోయాడట. పోలమ్మ చెక్కబాట అంచుదాకా వెళ్లి చీర కొంగు తీసి ఊపడం మొదలుపెట్టింది. నేను పక్కన నిలబడి కోటు విప్పి ఊపాను. దాని వీపు మీద వెలుగుపట్టీ ఉంటుంది. పది నిమిషాలకి పడవ నీళ్లట్యాంకు పక్కనుంచి తప్పుకొని లోపలికి వచ్చింది. అంచు గీసుకుంది, అంతే.

కొడుకు దిగాక పోలమ్మ నా వైపు తిరిగింది.

"ఇకమీదట ఈ బాట మీద అడుగెట్టకు" అంది.

నమోదు 128. శుక్రవారం, పన్నెండు గంటలు.

గవర్రాజు గారికి ఫోను చేసి చెప్పాను. ఆయన చాలాసేపు ఏమీ అనలేదు. లైను బాగానే ఉంది, ఆలస్యం ఆయనదే. "గురువారం కాగితం నా దగ్గరే ఉంది. పంపమంటే అదే పంపుతాను. ‘ఏ’ గ్రేడు ఉంటుంది, నీ ఉద్యోగం ఉంటుంది, ఎవరూ ఏమీ అడగరు. ఆ అమ్మాయి సంగతి వేరే ఏదైనా చూద్దాం" అన్నారు.

"వేరే ఏముంది సార్?"

ఆయన ఆలోచించారు. నిజాయితీగానే ఆలోచించారని అనుకుంటున్నాను. "ఏమీ లేదు" అన్నారు.

దాలమ్మకి చేశాను. ఐదోసారికి కలిసింది. మంచం మంజూరైన గంటలోపు గున్నమ్మని పడవెక్కిస్తానంది. ఎక్కనంటే? "నాను ఎత్తుకొని ఎక్కిస్తాను" అంది.

నాకు తెలిసినవి: గున్నమ్మకి ఇంకా పదకొండు రోజులు. డి పడితే కొండమీద మంచం రేపే. తొంభై రోజుల్లో స్తంభం రాకపోతే, రెండో కొలతలో కూడా డి వస్తే, ఆరు వందల నలభై ఇళ్లూ ఖాళీ అవుతాయి. వస్తుందో రాదో నాకు తెలియదు. వార్డులో ఎవరూ నన్ను ఇది చేయమని అడగలేదు. వద్దని ముప్పైమంది చెప్పారు, గున్నమ్మతో సహా.

నమోదు 129. శుక్రవారం, పన్నెండున్నర.

ముప్పయ్యొకటో వార్డు. అసాధారణ కొలత. కొండ కంపెనీ, డి. ఓడ కంపెనీ, డి. చేతులగది, పనికిరాదు. నా పేరుతోనే సంతకం చేసి పంపించాను. కోటూ, నాలుగు ఫోన్లూ గవర్రాజు గారి బల్లమీద పెట్టాను. సోమవారంనుంచి స్తంభం కోసం ఓడ కంపెనీ గుమ్మం ముందు కూర్చుంటాను. ముప్పయ్యొకటో వార్డువాళ్లు వచ్చినా రాకపోయినా.